టెక్ సందేహాలు: రాత్రీ పగలూ నడిచే కంప్యూటర్, చేజారిన జీరో బిల్లు

ప్రశ్న: మాది కరీంనగర్. నెలకు 200 యూనిట్ల దాకా ఉచితంగా ఇచ్చే గృహజ్యోతి పథకం కింద మాకు ప్రతినెలా జీరో బిల్లు వచ్చేది. మా అబ్బాయి ఇంటి నుంచే నైట్ షిఫ్ట్ చేస్తున్నాడు. డెస్క్‌టాప్ అసలు ఆపడు. ఎప్పుడూ 180 దాటని మా ఇంట్లో ఈసారి 223 యూనిట్లు కాలాయి. బిల్లు పన్నెండు వందలు దాటింది. ‘కంప్యూటర్‌కి ఎంత కాలుతుందమ్మా, ఒక బల్బు అంత’ అంటాడు. నిజమేనా? (ఒక గృహిణి)

మీ అబ్బాయి అన్నది సగం నిజమేనమ్మా. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని మామూలు డెస్క్‌టాప్, మానిటర్‌తో కలిపి, పెద్ద పనేమీ లేకుండా ఊరికే ఆన్‌లో ఉంటే 60 వాట్లు అటూఇటూగా తీసుకుంటుంది. అది పాతకాలపు ఫిలమెంట్ బల్బు అంతే. కానీ ఆ బల్బును మనం ఏనాడైనా నెలంతా ఆర్పకుండా ఉంచామా? 60 వాట్లు 24 గంటలు నడిస్తే రోజుకు 1.44 యూనిట్లు, నెలకు 43. మీ 180కి 43 కలిపి చూడండి, సరిగ్గా 223.

గృహజ్యోతిలో 200 దాటితే దాటిన 23 యూనిట్లకే కాదు, మొత్తానికీ కట్టాలి. ఆ పథకం లేని ఇంటికైనా దెబ్బ చిన్నదేం కాదు. తెలంగాణలో 2022 ఏప్రిల్ నుంచి వచ్చిన స్లాబుల ప్రకారం 180 యూనిట్లకు మొదటి వంద 3.40 చొప్పున, మిగతా ఎనభై 4.80 చొప్పున వేస్తే 724 రూపాయలు. 223 అయితే మొదటి 200కి 5.10, పైన 23కి 7.70 పడుతుంది. మొత్తం 1,197. ఫిక్స్‌డ్ చార్జీలు వేరే. అంటే 43 యూనిట్లకు 473 రూపాయలు ఎక్కువ, యూనిట్‌కు 11 రూపాయలు పడినట్టు! ఆ స్లాబుల్లో 800 యూనిట్లు దాటినవాళ్లకు కూడా పది రూపాయలే. గీత దాటగానే మొదటి యూనిట్ నుంచే రేటు మారిపోవడం వల్ల వచ్చిన తేడా ఇది. అందుకే ‘కంప్యూటర్ ఎన్ని వాట్లు’ అన్నది ఒక్కటే చూస్తే లెక్క తేలదు. దానివల్ల మీ ఇల్లు ఏ స్లాబులోకి వెళ్తోందో కూడా చూడాలి.

షిఫ్ట్‌కు తొమ్మిది గంటలు తీసేస్తే రోజుకు 15 గంటలు ఆ డెస్క్‌టాప్ ఊరికే నడుస్తోంది. ఆ టైములో స్లీప్‌లో పెడితే ఒకటి రెండు వాట్లతో సరిపోతుంది. నెలకు 26 యూనిట్లు తగ్గి మీరు 197 దగ్గర ఆగుతారు. విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, పవర్ లోకి వెళ్లి స్క్రీన్‌కు 5 నిమిషాలు, స్లీప్‌కు 15 నిమిషాలు పెట్టమనండి. స్క్రీన్ సేవర్‌ను మాత్రం నమ్ముకోవద్దు. బొమ్మలు తిరుగుతున్నంతసేపూ మానిటర్ వెలుగుతూనే ఉంటుంది. రోజూ ఆపి వేస్తే పాడవుతుందేమోనన్న టెన్షన్ కూడా అక్కర్లేదు.

అయితే మూడు యూనిట్ల తేడా చాలా సన్నని గీత. ఎండలు ముదిరి ఫ్యాన్లు ఆగకుండా తిరిగితే అది నిలవదు. వీలుంటే ల్యాప్‌టాప్‌కు మారమనండి. మామూలు ఆఫీసు పనికి చాలావాటికి 20 వాట్లు సరిపోతాయి.

ఇక నా 60 వాట్లనే పట్టుకోకుండా మీ ఇంటి మీటర్ దగ్గరే కొలవండి. డిజిటల్ మీటర్ మీద చిన్న ఎర్ర లైటు మెరుస్తుంటుంది. దాని దగ్గర 3200 అనో, 1600 అనో అంకె ఉంటుంది. యూనిట్ కాలడానికి ఆ లైటు అన్నిసార్లు మెరవాలి. ఫ్రిజ్, ఫ్యాన్లు, రూటర్ అన్నీ ఆపి, ఇన్వర్టర్ ఉంటే దాని ప్లగ్ కూడా తీసి (లేకపోతే బ్యాటరీ చార్జింగ్ కూడా లెక్కలో కలిసిపోతుంది) కంప్యూటర్ ఒక్కటే ఉంచండి. ఒకరు మీటర్ దగ్గర నిలబడి 15 నిమిషాలు లెక్కపెట్టండి. 3200 మీటరైతే వచ్చిన సంఖ్యను 1.25తో గుణిస్తే వాట్లు వస్తాయి, 1600 అయితే 2.5తో. 3200 మీటర్‌లో 48 సార్లు మెరిస్తే 60 వాట్లు. నేను మా ఇంట్లో ఇలాగే టార్చ్ పట్టుకుని లెక్కపెడతాను. పావుగంట ఆపితే ఫ్రిజ్‌కు ఏమీ కాదు.

ప్రశ్న: నా గేమింగ్ పీసీలో 750 వాట్ల ఎస్ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు అందించే పెట్టె) ఉంది. రోజంతా ఆన్‌లో ఉంటే 18 యూనిట్లు కాలుతుందా? (ఒక విద్యార్థి, విజయవాడ)

కాలదు. 750 అనేది అది ఇవ్వగలిగిన గరిష్ఠం. లోపలి భాగాలు అడిగినంతే గోడ నుంచి లాగుతుంది, కొంచెం వేడిగా పోతుంది. ఊరికే ఉన్నప్పుడు మీ పీసీ 80, 100 వాట్ల దగ్గర ఉండొచ్చు. పెద్ద గేమ్ ఆడుతున్నా, ఎడిట్ చేసిన వీడియో ఫైలుగా తయారవుతున్నా (రెండర్) 300, 400కు వెళ్తుంది. రాత్రిపూట 8 గంటలు 350 వాట్లతో రెండర్ పెట్టి పడుకుంటే నెలకు 84 యూనిట్లు. ఆంధ్రప్రదేశ్ స్లాబుల్లో గీత దాటినవాటికే పై రేటు పడుతుంది కాబట్టి కరీంనగర్ అమ్మగారికి తగిలినంత దెబ్బ తగలదు. అయినా మీ ఇల్లు ఇప్పటికే 225 యూనిట్లు దాటి, ఇవి కలిపినా 400 లోపే ఉంటే ఆ 84కూ 8.75 చొప్పున 735 రూపాయలు.

ప్రశ్న: పాత డెస్క్‌టాప్‌లో ఫొటోలు, సినిమాలు పెట్టి ఇంట్లో అందరికీ అందేలా 24 గంటలూ నడుపుతున్నాను. మినీ పీసీ కొంటే బిల్లు కలిసొస్తుందా? (ఒక పాఠకుడు, గుంటూరు)

మీ డెస్క్‌టాప్ కూడా 60 వాట్లు తీసుకుంటుందని, మినీ పీసీ 10 వాట్లతో నడుస్తుందని అనుకుంటే నెలకు 36 యూనిట్లు మిగులుతాయి. ఆరు రూపాయల స్లాబులో అది 216 రూపాయలు. పన్నెండు వేలు పెట్టి కొంటే తిరిగి రావడానికి నాలుగేళ్లు పైనే పడుతుంది. ఈ ఒక్క పని కోసం కొనమని నేను చెప్పను. బీరువా మీద మూలన పడేసిన పాత ల్యాప్‌టాప్ ఉంటే తీయండి. స్క్రీన్ ఆపి నడిపితే చాలావాటికి 10, 15 వాట్లు చాలు. కరెంటు పోయినా, బ్యాటరీ పనిచేస్తుంటే కాసేపు నిలబడుతుంది. ఎప్పుడూ ప్లగ్‌లోనే ఉంటుంది కాబట్టి చార్జింగ్ 80 శాతం దగ్గర ఆగే సెట్టింగ్ ఉంటే పెట్టండి. అప్పుడప్పుడూ టచ్‌ప్యాడ్ మీద వేలు పెట్టి చూడండి. పైకి ఉబ్బినట్టు తగిలితే వెంటనే ప్లగ్ తీసి, బ్యాటరీ మార్చేదాకా దాన్ని వాడకండి.