మంచుకు విమానం ఆగిపోతే: వేళచ్చేరి నుంచి వచ్చిన ప్రశ్నకు జవాబు

చెన్నై వేళచ్చేరి నుంచి మా అక్క కూతురు అడిగింది: "పిన్నీ, జనవరిలో షికాగోలో క్లాసులు మొదలు. న్యూయార్క్ దాకా ఒక టికెట్టు, అక్కణ్ణుంచి ఇంకోటి విడిగా కొంటే పద్దెనిమిది వేలు తగ్గుతోంది. అమ్మేమో మంచు తుపాన్లు వస్తే ఎలా అని టెన్షన్ పడుతోంది. ఏం చేయమంటావు?"

ఒకే టికెట్టు కొనుక్కో తల్లీ. ఆ పద్దెనిమిది వేలు చూసుకోకు. నేను పడ్డాను కాబట్టి చెబుతున్నాను.

2014 జనవరి మొదటి వారంలో మీ అమ్మమ్మను తీసుకుని మాంబళం నుంచి షికాగో బయల్దేరాను. అవీ రెండు విడి టికెట్లే. న్యూయార్క్‌లో మంచు తుపాను పట్టుకుని మా విమానం యూరప్‌లోనే ఆగిపోయింది. ఎయిర్‌లైన్ వాళ్ళు హోటల్ గది ఇస్తామన్నారు. మా ఇద్దరికీ యూరప్‌లో అడుగు పెట్టడానికి కావాల్సిన షెంగెన్ వీసా లేదు, ఎయిర్‌పోర్టు గడప దాటలేం. ట్రాన్సిట్ హాల్లో మడత మంచాల మీద పడుకున్నాం. అమ్మమ్మ బీపీ మాత్రలేమో లగేజీలో వేసేసిన పెట్టెలో ఉండిపోయాయి. రాత్రంతా ఆవిడ తల పట్టుకుని కూర్చుంటే నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు.

మర్నాడు న్యూయార్క్ చేరేసరికి రెండో టికెట్టు పోయింది. మొదటి విమానం ఆలస్యమైందని చెబితే, దాంతో మాకు సంబంధం లేదు, మీరు రాలేదు కాబట్టి నో-షో అన్నారు. మళ్ళీ టికెట్లు కొన్నాను. ఈలోగా జనవరి 6న షికాగోలో చలి సున్నాకు 26 డిగ్రీల కిందికి దిగి ఆ విమానమూ రద్దయింది. అదే ఒకే పీఎన్ఆర్ మీద అయి ఉంటే, మధ్యలో ఎక్కడ ఆగినా మమ్మల్ని షికాగో చేర్చే బాధ్యత వాళ్ళదే.

హక్కులు దేశాన్ని బట్టి మారతాయి. యూరప్ నుంచి బయల్దేరే విమానం వాతావరణం వల్ల రద్దయితే పరిహారం రాదు, కానీ భోజనం, రాత్రి ఉండాల్సి వస్తే హోటల్ ఇవ్వాల్సిందే. 2010లో ఐస్‌లాండ్ అగ్నిపర్వతం బూడిదకు విమానాలు ఆగిపోయిన కేసులో 2013లో యూరప్ కోర్టు ఇదే తేల్చింది. వాళ్ళు పట్టించుకోకపోతే సొంత డబ్బుతో తిని రసీదులు దాచుకో, తర్వాత అడగొచ్చు. అమెరికాలో వాతావరణం వల్ల ఆగితే హోటల్ ఇచ్చి తీరాలనే చట్టం లేదు. కానీ విమానం రద్దయి నువ్వు ఇంక వెళ్ళనంటే డబ్బు వాపసు ఇవ్వాలి. వోచర్ అంటగడితే వద్దని చెప్పొచ్చు.

దుబాయ్ మీదుగా వెళ్తే ఈ గొడవ ఉండదని మీ నాన్న అన్నాడట. అక్కడా ఉంటుంది. 2024 ఏప్రిల్ 16న దుబాయ్ ఉన్న యూఏఈలో పడినంత వాన 1949లో లెక్కలు మొదలయ్యాక ఎప్పుడూ పడలేదు. కురిసింది ఒక్క రోజే, విమానాలు సర్దుకోవడానికి రోజులు పట్టింది. వాన ఆగినా విమానం ఒకచోట, సిబ్బంది ఇంకోచోట ఉండిపోతారు. పైలట్ల డ్యూటీ గంటలకు హద్దుంది, అది దాటితే ఎగరనివ్వరు. అందుకే వాతావరణం తేరుకుందని నిశ్చింతగా కూర్చోకు. కౌంటర్ దగ్గర లైన్లో ఉంటూనే యాప్‌లో వెతుకు, కాల్ సెంటర్‌కూ ఫోన్ చెయ్యి. ఏది ముందు దొరికితే అది.

చెన్నై నుంచి అమెరికాకు నేరుగా విమానం లేదు కాబట్టి ఎక్కడో ఒకచోట దిగి మారక తప్పదు. అసలు బయల్దేరే చోటే ఆగిపోవచ్చు కూడా. 2015 డిసెంబర్‌లో అడయారు నది పొంగి మీనంబాక్కం ఎయిర్‌పోర్టు రోజుల తరబడి మూతపడితే అరక్కోణం నేవీ స్థావరం నుంచి విమానాలు నడిపారు. 2023 డిసెంబర్ 4న మిగ్‌జాం తుపానుకూ రన్‌వే మూశారు. కాబట్టి ఆఖరి రోజు దాకా ఆగకు. కాలేజీ నీ వీసా కోసం ఇచ్చిన ఐ-20 కాగితం మీద ఉన్న చదువు మొదలయ్యే తేదీకి 30 రోజుల ముందు నుంచీ నువ్వు అమెరికాలో అడుగు పెట్టొచ్చు. కనీసం వారం పది రోజులు చేతిలో ఉంచుకో. ఆ తేదీ దాటేలా ఉంటే విమానం ఎక్కకముందే కాలేజీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే డీఎస్ఓకి మెయిల్ పెట్టి జవాబు తెప్పించుకో. ఇన్సూరెన్స్ కూడా ఇప్పుడే తీసుకో, తుపాను వార్తల్లోకి వచ్చాక తీసుకుంటే దానికి వర్తించదు.

చేతి సంచిలో మూడు రోజుల మందులు, డాక్టర్ చీటీ, ఐ-20 కాగితం, ఒక జత బట్టలు, స్వెట్టర్, పవర్ బ్యాంక్ పెట్టుకో. పవర్ బ్యాంక్ ఎలాగూ లగేజీలో వేయనివ్వరు. జంతికలు, పప్పుచెక్కలు సర్దుకో. ఆవకాయ సీసా చేతి సంచిలో పెట్టకు, సెక్యూరిటీ దగ్గర తీసేస్తారు.

అమ్మకు నీ పీఎన్ఆర్, నా నంబరు రాసిచ్చి వెళ్ళు. నీ ఫోన్ చార్జింగ్ అయిపోయినా ఇద్దరం ఎయిర్‌లైన్ యాప్‌లో చూసుకుంటూ ఉంటాం. నువ్వు ఏ వేళ దిగినా షికాగో ఓహేర్ ఎయిర్‌పోర్టు బయట నేనుంటాను.