ముందు నీళ్ళు పోయే దారి చూడు

చి.ల.సౌ. మేనకోడలికి మావయ్య ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. ఊళ్ళో అమ్మానాన్నల పాత ఇంట్లో కట్టించబోయే బాత్రూం కోసం నువ్వు పంపిన టైల్సు ఫొటోలు, షవర్ల ఫొటోలు అన్నీ చూశాను. రంగు బాగుంది. నేల టైల్సు మాత్రం గరుకువే తీసుకో, అమ్మ కాలు జారకూడదు. కానీ అవేవీ ఇప్పుడే కొనకమ్మా. పాత ఇంట్లో బాత్రూం పనంటే టైల్సు ఆఖర్న వచ్చేవి. నీళ్ళు తెచ్చుకోడానికి మోటారుంది, ట్యాంకుంది. వాడిన నీళ్ళని మన కోనసీమ నేల మీద ఇంటి బయటికి పంపడమే కష్టం. ఇన్నేళ్ళూ ఈ లంకల్లో, ఈ కాలవ గట్ల మీద పాత ఇళ్ళ రిపేర్లే చేయించినవాణ్ణి గనక వివరంగా రాస్తున్నాను. నిదానంగా చదువు.

మన నేలకి వాటం లేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలవలు వచ్చిన దగ్గర్నుంచీ ఏడాదిలో ఎక్కువ నెలలు చుట్టూ చేలల్లో నీళ్ళుంటాయి, పక్క కాలవలో నీళ్ళుంటాయి. అందుకే వానాకాలంలో పెరట్లో రెండు మూడడుగులు తవ్వేసరికి ఊట వచ్చేస్తుంది. మీ హైదరాబాదులో ఇంకుడు గుంట లోతుగా తవ్వితే నీళ్ళు కిందకి పోతాయి. ఇక్కడ లోతుగా తవ్విన గుంట శ్రావణమాసం వచ్చేసరికి ఊటతోనే నిండిపోతుంది. ఇక సెప్టిక్ ట్యాంకు నీళ్ళకి చోటెక్కడ? అవి వెనక్కి తిరిగి కమోడ్‌లోకి ఎగదన్నుతాయి. అప్పుడు అందరూ ప్లంబర్ని తిడతారు. తప్పు పైపుది కాదు, గుంటది.

కాబట్టి ఇంటి బయట తవ్వే పని ఏదున్నా వేసవిలో కాలవలు కట్టేశాక పెట్టుకో. జూన్‌లో మళ్ళీ నీళ్ళు వదిలేలోపు ట్యాంకూ పైపులైనూ పూడ్చేసి ఉండాలి. ఇంటి లోపలి పని తర్వాత ఎప్పుడైనా చేసుకోవచ్చు.

ఇప్పుడు అసలు లెక్క. పడగ్గది పక్కనున్న ధాన్యం కొట్టుగదిని బాత్రూం చేద్దామన్నావు. అక్కణ్ణుంచి పెరట్లో ట్యాంకు దాకా అటూ ఇటూగా 60 అడుగులు ఉంటుంది. లెట్రిన్ పైపుకి ప్రతి 4 అడుగులకీ ఒక అంగుళం వాటం కావాలి. అంటే 15 అంగుళాల దిగుడు. పైపు మొదలయ్యేదే గచ్చుకి అడుగు కింద. రెండూ కలిపితే 27 అంగుళాలు. మీది పాత మండువా ఇల్లు గనక గచ్చు పెరటి నేలకి రెండున్నర అడుగుల ఎత్తులో ఉందనుకున్నా, ట్యాంకు చేరేసరికి పైపు దాదాపు నేలమట్టానికి వచ్చేసింది, ఇక ట్యాంకుని ఊటలోకి దించాల్సిందే. పైగా ఇన్నేళ్ళలో పెరడు మెరక చేసుకుంటూ వచ్చారు, వీధిలో సిమెంటు రోడ్డు మీద రోడ్డు వేశారు. అందుకని ఆ రెండున్నర అడుగులు ఇప్పటికీ ఉన్నాయో లేదో ముందు చూడాలి.

అదే వెనక వసారా మూలన కట్టావనుకో, దూరం 24 అడుగులు, దిగుడు 6 అంగుళాలు. 9 అంగుళాలు మిగిలాయి. మన నేల మీద 9 అంగుళాలంటే చాలా గొప్ప. అమ్మానాన్నల మంచం వెనక గదిలోకి మారిస్తే సరిపోతుంది, రాత్రిపూట అమ్మకి నడక కూడా తగ్గుతుంది. కొట్టుగది మీద మనసు పడ్డావని తెలుసు. అయినా నా మాట విను, వసారా మూలే మంచిది.

వసారాలోనైనా లైను తిన్నగా పోవాలి. మలుపు తప్పనిసరైతే ఒక్క 90 డిగ్రీల మూల ముక్క వేయనివ్వకు, 45 డిగ్రీల ముక్కలు రెండు వేయించు. మలుపు దగ్గర చాంబరు కట్టించు, మూత తీస్తే వెదురుబద్ద లోపలికి పోవాలి. 110 మిల్లీమీటర్ల పైపుకి తక్కువ వద్దు. పైపు కింద నాలుగంగుళాలు ఇసుక పరిపించు. మన నల్లమట్టి వానకి ఉబ్బుతుంది, ఎండకి పగులుతుంది. దాని మీద నేరుగా పరిచిన పైపు గోడ దాటే చోటే విరుగుతుంది. అందుకే గోడలో పైపు కంటే పెద్ద గొట్టం ఒకటి ముందు అమర్చి, దాని గుండా పైపు తీసుకెళ్ళమను. ఇంటి గోడ ఒక రకంగా కుంగుతుంది, పెరటి మట్టి ఇంకో రకంగా కదులుతుంది, పైపు ఆ రెంటి మధ్యా నలక్కూడదు.

పెరట్లో ఉన్న పాత మట్టి గొట్టాల లైనుకి కొత్తది కలపొద్దు. వాటి అతుకుల్లోంచి కొబ్బరి వేళ్ళు దూరి లోపల జడలు కట్టేసి ఉంటాయి. ఒక్క చాంబరు మూత తీయించి చూస్తే నీకే తెలుస్తుంది. లైను మొత్తం కొత్తగా వేయించు.

ట్యాంకు సంగతి. పాతది ఎంత పెద్దదో, రెండు గదులుందో లేదో చూడమను. లోపలికి వచ్చే పైపు కంటే బయటికి పోయే పైపు రెండంగుళాలు కిందకి ఉండాలి, రెంటికీ టీ ముక్కలు ఉండాలి. ఇంకుడు గుంటకి బదులు పెరట్లో మెరక చోట రెండడుగులకి మించని లోతులో పొడుగాటి కాలవ తీయించి, కంకర వేసి, చిల్లుల పైపు పరిపించు. అది తాగే నీళ్ళ బావికైనా బోరుకైనా కనీసం 60 అడుగుల దూరంలో ఉండాలి. మన ఊళ్ళో ఇరుకు పెరళ్ళు, పక్కవాళ్ళ బావి కూడా కొలుచుకో. స్నానం నీళ్ళు ట్యాంకులో కలపకుండా వేరే లైనులో అరటి పిలకలకీ కొబ్బరి పాదులకీ వదిలెయ్యి, ట్యాంకు మీద సగం భారం తగ్గుతుంది. రెడీమేడ్ ప్లాస్టిక్ ట్యాంకు పెట్టిస్తే పాతిన వెంటనే నీళ్ళు నింపించు. ఖాళీ ట్యాంకుని ఊట పైకి తేల్చేస్తుంది, పైపులన్నీ ఊడిపోతాయి. ఈ కారణంగానే వానాకాలంలో ట్యాంకు పూర్తిగా తోడించకూడదు.

86 గోదావరి వరదలో మీ వీధిలో నీళ్ళు ఎంతవరకు వచ్చాయో నాన్నగారికి గుర్తుంటుంది. చాంబరు మూతలు ఆ మట్టానికి పైన పెట్టగలిగితే సరే. కుదరకపోతే ట్యాంకుకి ముందు, నీళ్ళు వెనక్కి తిరక్కుండా ఆపే వాల్వు ఒకటి వేయించు. ట్యాంకు గాలి గొట్టం పెంకుల చూరు దాటి పైకి పోవాలి, దాని మూతికి సన్నటి దోమల జాలీ కట్టించు. బోదకాలు తెచ్చే దోమ మురుగు నీళ్ళల్లోనే పెరుగుతుంది. మన జిల్లాల్లో ఆ జబ్బు ఎందర్ని పీడించిందో నీకు తెలీదు, నేను చూశాను. జాలీ చిరిగితే వెంటనే మార్పించు.

ఇంకొక్కటి, ఇది గట్టిగా చెప్తున్నా. పాత ట్యాంకు శుభ్రం చేయించాల్సి వస్తే మనిషిని లోపలికి దింపకు. కూలి ఎక్కువిస్తే దిగుతాననేవాళ్ళు ఉంటారు. లోపలి గాలికి నిమిషాల్లో ప్రాణం పోతుంది, కాపాడదామని దిగినవాడూ పోతాడు. మనుషుల చేత పాకీపని చేయించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం అది నేరం కూడా. మిషను పెట్టిన ట్యాంకరు బండి పిలిపించు.

నీళ్ళు వచ్చే వైపుకి వద్దాం. పాత జీఐ పైపులు, అంటే జింకు పూత ఇనుప పైపులు, ఒక్కటి కూడా ఉంచకు. మన బోరు నీళ్ళకి బిందె అడుగున ఎర్రటి మడ్డి పేరుకుంటుంది కదా, పైపు లోపలా అదే. అంగుళం పైపు కోయించి చూస్తే తుప్పు పేరుకుని మధ్యలో పెన్సిలు పట్టేంత సందు కనిపిస్తుంది. బయటికి బాగానే ఉందని సగం ఉంచి సగం మారుస్తామంటారు. పాత మర ఒకటి తిప్పితే దాని పై మర కారడం మొదలెడుతుంది, ఇక దానికి అంతుండదు.

జీఐ తీసేముందు కరెంటు మేస్త్రీని పిలువు. పాత ఇళ్ళల్లో చాలాచోట్ల ఎర్తు తీగని నీళ్ళ పైపుకే చుట్టి ఉంచారు. ఆ పైపు తీసి ప్లాస్టిక్ పైపు వేసిన రోజున ఇంటికి ఎర్తు పోతుంది, ఎవరికీ తెలీదు. గీజరు అప్పుడే పెడతారు! వేరే ఎర్తు గుంట తీయించి, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించాకే గీజరుకి తీగ లాగనివ్వు.

వేడినీళ్ళకీ చన్నీళ్ళకీ వేడిని తట్టుకునే ప్లాస్టిక్ పైపు సీపీవీసీ వేయించు. దానికి దాని జిగురే వాడాలి. మామూలు పీవీసీ జిగురు రాసేస్తారు, దగ్గరుండి డబ్బా మీద పేరు చదువు. ఎల్బో, అంటే మలుపు ముక్క, తేవడానికి బద్ధకించి పైపుని మంట మీద కాల్చి వంచేవాళ్ళున్నారు. అలా వంచిన చోట పైపు పల్చబడుతుంది, అది గోడలో ఉంటే గోడ పగలగొట్టాలి. ఒప్పుకోకు. ఎండ తగిలే చోట ఆ పైపుకి రంగు వేయించాలి.

నీకు నచ్చిన ఆ వానజల్లు షవరు గురించి. నీళ్ళ ట్యాంకు షవరు కంటే 10 మీటర్ల ఎత్తులో ఉంటే 1 బార్ ఒత్తిడి వస్తుంది. మీ ఇంట్లో షవరుకీ ట్యాంకుకీ మధ్య 3 మీటర్లు కూడా ఉండదు. అది ధారగా కారుతుందే తప్ప జల్లు రాదు. చిన్న ప్రెషర్ పంపు పెట్టుకో, లేదా మామూలు చేతి షవరు కొనుక్కో. అమ్మకి కూర్చుని స్నానం చేయడానికి చేతి షవరే సుఖం. ట్యాంకు మాత్రం పెంకుటింటి దూలాల మీద పెట్టనివ్వకు. 1000 లీటర్లంటే టన్ను బరువు.

గోడలు సున్నంతో కట్టినవి. గాడి కొట్టాలంటే సుత్తీ ఉలీ పెడితే ఇటుకలే ఊడి వస్తాయి. అడ్డంగా గాడి అసలు వద్దు, గోడ బలం పోతుంది. నా పద్ధతి చెప్తాను: పాత గోడ జోలికి పోకుండా దాని ముందు నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ నడుమెత్తు లేపించి, పైపులన్నీ దాంట్లో తీసుకెళ్ళమను. పైన సబ్బులు పెట్టుకోడానికి అరుగులాగా ఉంటుంది. గదిలో కాస్త చోటు పోతుంది, పోనీ. గీజరూ, కమోడ్ పక్కన పట్టుకునే స్టీలు కడ్డీలూ సున్నపు గోడకి మామూలు మేకుబోల్టులతో బిగిస్తే ఆగవు. గోడ ఇవతల్నుంచి అవతలి దాకా బోల్టు దూర్చి అవతలివైపు ఇనుప పలక వేసి బిగించాలి. నాన్నగారు ఆ కడ్డీ మీద ఒళ్ళంతా బరువేస్తారు, గుర్తుంచుకో.

కమోడ్ ముందే కొని మేస్త్రీ ముందు పెట్టు. పైపు గోడకి ఎంత దూరమో టైల్సు అంటించాక ఉండే గోడ నుంచి కొలవాలి, ఇటుక గోడ నుంచి కాదు. నేల మీది నీళ్ళు పోయే నహానీ ట్రాప్‌లో రెండంగుళాల నీళ్ళు నిలిచే రకమే కొను. లేకపోతే వాసన, బొద్దింకలు. బాత్రూం గచ్చు గది కంటే అంగుళం దించితే చాలు, ఎక్కువైతే అమ్మకి గడప అడ్డం.

టైల్సుకి ముందు పైపుల్లో నీళ్ళు నింపి, ఒత్తిడి పెట్టి ఒక రోజంతా ఉంచాలి. తర్వాత గచ్చుకి వాటర్‌ప్రూఫింగ్ చేయించి, తూము మూసి, రెండు రోజులు నీళ్ళు నిలవబెట్టి వసారా గోడ వైపు చెమ్మ చూడాలి. గోడలు మూసేముందు ప్రతి పైపు పక్కనా టేపు పట్టి ఫొటోలు తీయి. రేపు అద్దానికి మేకు కొట్టేవాడికి అవే దిక్కు.

ఈ ఆదివారం నాన్నగారికి ఫోన్ చేసి మూడు కొలతలు అడుగు: వసారా గచ్చు నుంచి పెరటి నేలకి ఎత్తు, వసారా మూల నుంచి ట్యాంకుకి దూరం, ట్యాంకు పక్కన చిన్న గొయ్యి తీస్తే ఊట ఎంత లోతులో తగిలిందీ. మట్టం చూసే లెవెల్ పైపు పట్టడానికి మనిషి కావాలంటే నేనే ఒక కుర్రాణ్ణి తీసుకుని వెళ్తాను. ఆ కొలతలు నాకు పంపాకే మేస్త్రీకి అడ్వాన్సు ఇవ్వు.

అత్తయ్య నిన్నూ పిల్లల్నీ అడిగానని రాయమంది.

మీ మావయ్య