ఆర్నెల్లు దాటితే ఇక అంతేనా?

పక్షవాతం, తలదెబ్బల తర్వాత కోలుకోవడం గురించి ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో కొన్నిటికి జవాబులు.

ప్రశ్న: మా నాన్నగారికి పక్షవాతం వచ్చి ఐదు నెలలైంది. కాలు కాస్త దారికొచ్చింది, కర్ర పట్టుకుని నడుస్తున్నారు. చెయ్యి మాత్రం అలాగే ఉంది. ఆర్నెల్లలో ఎంత వస్తే అంతే, ఆ తర్వాత రాదని అందరూ భయపెడుతున్నారు. మాకు ఇంకో నెలే గడువా?

అలాంటి గడువేమీ లేదు. అయితే ఆ మాట గాల్లోంచి పుట్టిందీ కాదు. రక్తం అందక మెదడులో కొంత భాగం చచ్చిపోయాక, దాని చుట్టూ మిగిలిన కణాలు కొన్ని వారాలపాటు కొత్త కొమ్మలు వేసి కొత్త సంబంధాలు కలుపుకుంటాయి. వాపు తీసేదీ, దెబ్బకు మూగబోయిన దూరపు భాగాలు తిరిగి పనిలోకి దిగేదీ అప్పుడే. అందుకే మొదటి మూడు నెలలు మార్పు కంటికి కనిపిస్తుంది. ఆ తర్వాత వేగం తగ్గుతుంది. ఆగిపోయిందని ఇంట్లోవాళ్లు అనుకుని సాధన మానేస్తే, అప్పుడు నిజంగానే ఆగిపోతుంది.

మానేస్తే ఏమవుతుందో అమెరికా మెదడు శాస్త్రవేత్త రాండాల్ఫ్ నూడో బృందం 1996లో కోతుల్లో చూపించింది. మెదడులో చేతిని కదిపే ప్రాంతంలో చిన్న దెబ్బ చేసి ఊరికే వదిలేస్తే, దాని పక్కనే బాగున్న ప్రాంతం కూడా చేతి పని వదిలేసి కుంచించుకుపోయింది. చిన్న చిన్న గుంటల్లోంచి తిండి బిళ్లలు తీసే సాధన చేయించిన కోతుల్లో అది నిలబడింది. కొన్నిటిలో మోచేతికీ భుజానికీ చెందిన చోటులోకి కూడా పాకింది.

మనుషుల్లో లెక్క ఇంత సూటిగా లేదు. 2021లో అమెరికాలో 72 మందితో చేసిన పరీక్షలో, మామూలు చికిత్సకు అదనంగా 20 గంటల చేతి సాధన ఇచ్చారు. రెండు, మూడు నెలల మధ్య ఇచ్చినవారికి లాభం ఎక్కువ. ఆరు నెలలు దాటాక ఇచ్చినవారికి తేడా తేలలేదు. అయితే 20 గంటలంటే చాలా తక్కువ మోతాదు. లండన్‌లోని క్వీన్ స్క్వేర్ కేంద్రంలో మూడు వారాల్లో 90 గంటలు చేయిస్తారు. అక్కడికి వచ్చేవారిలో చాలామందికి పక్షవాతం వచ్చి ఏడాది దాటి ఉంటుంది. అయినా మెరుగయ్యారు, ఆరు నెలల తర్వాత చూసినా ఆ మెరుగు నిలిచే ఉంది. పోల్చి చూడటానికి వేరే జట్టు లేని లెక్క అది. అందుకని కొంత తగ్గించి చదవాలి గానీ తోసెయ్యక్కర్లేదు.

మీ నాన్నగారి విషయంలో నెలలు లెక్కపెట్టడం కంటే వేళ్లు చూడండి. ముంజేతిని బల్లమీద బోర్లా పెట్టి, మణికట్టు నుంచి చెయ్యి బల్ల అంచు బయటికి వేలాడేలా ఉంచండి. మణికట్టు పైకి లేపమనండి, వేళ్లు చాపమనండి. కొంచెమైనా తనంతట తాను కదిలితే గట్టి సాధనకు అర్హత ఉన్నట్టే. నెదర్లాండ్స్‌లో 2010లో వెలువడిన అధ్యయనంలో, రెండో రోజుకే వేళ్లు కాస్త చాపగలిగి, భుజం పక్కకు ఎత్తగలిగినవారిలో 98 శాతం మందికి ఆరు నెలలకు చేతి పనితనం ఎంతో కొంత తిరిగొచ్చింది. రెండూ లేనివారిలో అది 25 శాతమే. ఐదు నెలలకీ వేళ్లలో చలనమే లేకపోతే గుండీలు పెట్టుకోవడం, రాయడం లాంటి పనులు ఆ చేత్తో కష్టమని నిజాయితీగా చెప్పాలి. అప్పుడు ధ్యేయం మారుతుంది: చెయ్యి బిగుసుకోకుండా, నొప్పి లేకుండా, కాగితం కదలకుండా అదిమిపట్టే సాయపు చెయ్యిగా నిలబెట్టడం.

ప్రశ్న: ఫిజియోథెరపీ రోజూ అరగంట చేయిస్తున్నాం. వచ్చినాయన చెయ్యి పైకీ కిందికీ ఆడించి, చివర్లో మెత్తటి బంతి నొక్కిస్తారు. మా వారి వేళ్లు కొద్దిగా తెరుచుకుంటాయి కూడా. కానీ మిగతా రోజంతా ఆ చేతిని వాడనే వాడరు. ఏం చెయ్యాలి?

మీ ఉత్తరంలోనే జవాబు సగం ఉంది. ఇంకొకరు చెయ్యి ఆడిస్తే కీళ్లు బిగుసుకోకుండా ఉంటాయి, అంతవరకే. దానివల్ల మెదడు కొత్తగా నేర్చుకునేది దాదాపు లేదు. ఇక బంతి. పక్షవాతం వచ్చిన చెయ్యి చాలావరకు మూసుకోవడానికే మొగ్గుతుంది, తెరుచుకోవడమే దానికి కష్టం. నొక్కడం మీద గంటలు పెట్టేకంటే పట్టుకున్నది వదలడం సాధన చేయించాలి.

వాడకపోవడానికి అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ టాబ్ కోతుల్లో ఒక కారణం కనిపెట్టాడు. ఒక చేతి స్పర్శ నరాలు కోస్తే కోతి ఆ చేతిని వదిలేస్తుంది. కదిపే శక్తి ఉన్నా సరే, మొదట్లో ప్రయత్నించి విఫలమైన అనుభవంతో వాడకపోవడమే అలవాటవుతుంది. బాగున్న చేతిని కొన్ని రోజులు కట్టేస్తే మళ్లీ వాడింది. దీన్నుంచి వచ్చిన చికిత్సను 222 మందితో పరీక్షించి 2006లో ఫలితాలు ప్రకటించారు. రెండు వారాలు, మెలకువగా ఉన్న సమయంలో 90 శాతం సేపు బాగున్న చేతికి మిటెన్ (వేళ్లన్నిటినీ కలిపి కప్పే తొడుగు) తొడిగి, పనిదినాల్లో ఆరు గంటల దాకా సాధన. మామూలు చికిత్స పొందినవారి కంటే వీళ్ల చెయ్యి స్పష్టంగా మెరుగైంది, ఆ మెరుగు ఏడాదికీ నిలిచింది.

అంత కఠినంగా ఇంట్లో కుదరదు. తేలిక పద్ధతి ఒకటుంది: వారానికి ఐదు రోజులు, రోజుకు ఐదు గంటల మిటెన్, వారానికి మూడుసార్లు అరగంట థెరపిస్టు దగ్గర సాధన, ఇలా పది వారాలు. మొదలుపెట్టే ముందు, బల్లమీది చిన్న తుడుపుగుడ్డను ఆ చేత్తో ఎలాగోలా పట్టుకుని ఎత్తి వదలగలరా చూడండి. వదలలేకపోతే దీనికి తొందర పడొద్దు. మిటెన్ మందంగా, వేళ్లతో పట్టు దొరకనట్టు ఉండాలి. చేతిని ఒంటికి కట్టేయకూడదు, తూలితే ఆసరాకి చెయ్యి కావాలి. మెట్లు, స్నానం, కర్రతో నడక, వేడి వస్తువుల దగ్గర తీసెయ్యాలి.

సాధన ఇలా. కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టి, ఎదురుగా బల్లమీద ఖాళీ ప్లాస్టిక్ గ్లాసు పెట్టండి. చెయ్యి చాపి పట్టుకుని, ఒక జానెడు పక్కకు మార్చి, పూర్తిగా వదిలి, చెయ్యి ఒళ్లోకి తీసుకోవాలి. ఇది ఒకసారి. పదిసార్లు చేసి ఒక నిమిషం విశ్రాంతి. పదిలో ఎన్ని కుదిరాయో, ఎన్ని సెకన్లు పట్టిందో పుస్తకంలో రాయండి. ఏడెనిమిది కుదురుతుంటే ఒక్క అంశమే పెంచాలి: గ్లాసును దూరం జరపడమో, పుస్తకం మీదికి ఎక్కించడమో, పావు వంతు నీళ్లు పొయ్యడమో. పదికి పదీ అవుతుంటే అది సాధన కాదు. ఐదు కూడా కాకపోతే సులువు చెయ్యండి, లేకుంటే రెండో రోజుకే విసుగొచ్చి మానేస్తారు. వెన్ను ఎప్పుడు కుర్చీని వదులుతుందో గమనించండి. చెయ్యి చాపడానికి బదులు నడుము వంచి అందుకోవడం అందరూ చేసే దొంగపని. ఛాతీ చుట్టూ వెడల్పాటి గుడ్డ వేసి కుర్చీ వీపుకి వదులుగా కట్టండి, మోచెయ్యి చాపక తప్పదు. మీ చెయ్యి సాయం పెట్టకండి. రెండు సెకన్లు ఆలస్యమైతే చాలు, పక్కనున్నవాళ్లు గ్లాసు ముందుకు తోస్తారు. నేర్చుకునే అవకాశం అక్కడే పోతుంది.

పిడికిలి బిగుసుకుపోతే వేళ్లను లాగొద్దు. ముందు మణికట్టును లోపలికి వంచండి, వేళ్ల స్నాయువులు వదులవుతాయి. అప్పుడు బొటనవేలిని మొదట్లో పట్టుకుని బయటికి తీసి, తక్కిన వేళ్లు తెరవండి.

ఎన్నిసార్లు అంటే: 2009లో అమెరికా, కెనడా కేంద్రాల్లో లెక్కపెడితే ఒక థెరపీ పూటలో పనికి సంబంధించిన చేతి కదలికలు సగటున 32 మాత్రమే. జంతువుల్లో మెదడును మార్చినవి వందల్లో ఉంటాయి. రోజుకు 100తో మొదలుపెట్టి 200, 300కి తీసుకెళ్లడం చాలామందికి సాధ్యమే. సంఖ్య ఒక్కటే మంత్రమూ కాదు. 2016లో మొత్తం 3,200 సార్లు చేసినవారినీ 9,600 సార్లు చేసినవారినీ పోల్చితే ఎక్కువ చేసినవారికి అదనపు లాభం తేలలేదు. చేసే పని కష్టం సరిగ్గా కుదరడమే అసలు కీలకమని మా అభిప్రాయం.

ప్రశ్న: అమ్మకు పడిపోయిన వైపు భుజం ముట్టుకుంటే నొప్పి. కప్పీకి తాడు వేసి చెయ్యి పైకి లాగే వ్యాయామం మంచిదంటున్నారు.

ఆపెయ్యండి. కండరాలు వదులై ఎముక గూటిలోంచి కిందికి జారి ఉన్నప్పుడు కప్పీతో తలపైకి లాగితే భుజంలోని మెత్తటి భాగాలు నలిగిపోతాయి. వివిధ వ్యాయామాలను పోల్చిన అధ్యయనంలో అందరికంటే నొప్పి ఎక్కువైంది కప్పీ వాడినవారికే. మంచం మీంచి లేపేటప్పుడు ఆ చెయ్యిగానీ చంకగానీ పట్టి లాగకండి, నడుముకి బెల్టు వేసి పట్టుకోండి. కూర్చున్నప్పుడు ముంజెయ్యి దిండు మీద ఉండాలి. మెడకు కట్టే పట్టీ నిల్చున్నప్పుడూ నడిచేటప్పుడూ చాలు. రోజంతా ఉంచితే మోచెయ్యి మడతలోనే బిగుసుకుంటుంది.

ప్రశ్న: పక్షవాతం వచ్చిన మొదటి రోజే లేపి నడిపిస్తే త్వరగా కోలుకుంటారా?

మొదటి 24 గంటల్లోనే లేపి ఎక్కువ మోతాదులో కూర్చోబెట్టడం, నిలబెట్టడం మొదలుపెడితే ఏమవుతుందో 2,104 మందితో పరీక్షించి 2015లో ప్రకటించారు. మూడు నెలలకు ఫలితం మామూలు పద్ధతి కంటే కాస్త అధ్వాన్నంగా తేలింది. మొదటి రోజు హడావిడి వద్దు. తర్వాత లేపినా కొద్దిసేపు, ఎక్కువసార్లు మేలు.

ప్రశ్న: నరాల బలానికి సిటికోలిన్ మాత్రలు నెలల తరబడి కొంటున్నాం. పనిచేస్తున్నాయా?

తలకు దెబ్బ తగిలిన 1,213 మందికి 90 రోజులు సిటికోలిన్ ఇచ్చి చూశారు, ఉత్తుత్తి మాత్రకూ దానికీ తేడా లేదు. పక్షవాతంలోనూ పెద్ద పరీక్షలో అదే ఫలితం. రెండూ 2012లోనే వచ్చాయి. ఆ డబ్బు థెరపీ మీద పెట్టడం తెలివైన పని.

దిగులుకు వాడే ఫ్లుయోక్సెటిన్ మందు కథ ఇంకా పాఠం నేర్పేది. 2011లో 118 మందితో చేసిన పరీక్షలో చేతి, కాలి బలం బాగా పెరిగిందని ఆశ పుట్టింది. 2019లో 3,127 మందితో మళ్లీ చూస్తే స్వతంత్రంగా పనులు చేసుకోవడంలో మార్పు లేదు. దిగులు తగ్గింది, ఎముకలు విరగడం పెరిగింది. దిగులు ఉన్నవారికి దిగులు మందుగా ఇవ్వొచ్చు, చెయ్యి కోసం వద్దు.

పనిచేసిన మందు ఒకటుంది, అదీ చాలా ఇరుకైన పరిస్థితిలో. తలదెబ్బ తగిలి 4 నుంచి 16 వారాలైనా స్పృహ సరిగ్గా రానివారు 184 మందికి నాలుగు వారాలు అమాంటడిన్ ఇస్తే త్వరగా తేరుకున్నారు. ఆపిన తర్వాత ఆ వేగం తగ్గింది.

మందుల చీటీలో హాలోపెరిడాల్, డయాజెపామ్ లాంటివి ఉంటే ఇంకా అవసరమేనా అని డాక్టరు గారిని అడగండి. మగతతో సాధన సాగదు. అంతేగానీ మూర్ఛ మందులు మాత్రం సొంతంగా ఆపకండి.

ప్రశ్న: మా వారికి మనం చెప్పేది అర్థమవుతుంది, మాట మాత్రం పెగలదు. పాట అందుకుంటే మాటలతో సహా పాడేస్తారు! ఇదెలా?

మాటలు కూర్చే ప్రాంతం చాలామందిలో మెదడు ఎడమ సగంలో ఉంటుంది. రాగం పలకడంలో కుడి సగానికి ఎక్కువ పాత్ర. ఈ తేడాను వాడుకునే రాగపు పద్ధతిని 1973 నుంచీ వాడుతున్నారు. రోజూ అవసరమయ్యే చిన్న మాటలు ఎంచుకోండి: "నీళ్లు కావాలి", "ఇటు రా". రెండే స్థాయిల్లో, నొక్కి పలికే అక్షరానికి పైస్వరం పెట్టి, సాగదీసి ముందు మీరు కూనిరాగం తియ్యండి. అక్షరానికి ఒకసారి చొప్పున ఆయన ఎడమచేతిని బల్లమీద తట్టిస్తూ ఉండండి. తర్వాత ఇద్దరూ కలిసి పాడాలి. సగంలో మీ గొంతు తగ్గించండి. ఆపై మీరు అన్నాక కొన్ని సెకన్లు ఆగి ఆయన ఒక్కరే అనాలి. చివరి మెట్టు, "ఏం కావాలి?" అని అడిగితే జవాబుగా అనడం. ఈ మెట్టు వదిలేస్తే మాట పాటలోనే ఉండిపోతుంది, అవసరానికి రాదు.

మోతాదు ఇక్కడా ముఖ్యం. ఆరు నెలలు దాటినవారికి వారానికి కనీసం 10 గంటల చొప్పున మూడు వారాలు స్పీచ్ థెరపీ ఇస్తే రోజువారీ సంభాషణ మెరుగైందని 2017లో జర్మనీ పరీక్ష చూపింది. తక్కిన వేళల్లో ఒకసారికి ఒక్క ప్రశ్నే అడగండి, పది సెకన్లు ఆగండి. అరిచి చెప్పకండి, ఆయన చెవులకేం కాలేదు.

ప్రశ్న: ప్రమాదంలో తమ్ముడి తలకు దెబ్బ తగిలింది. ఒళ్లు బాగానే ఉంది. చెప్పింది గంటలో మర్చిపోతాడు, ఊరికే కోపం. ఫోన్‌లో జ్ఞాపకశక్తి ఆటలు ఆడిస్తే తగ్గుతుందా?

ఆ ఆటల్లో అతను నిపుణుడవుతాడు. మాత్ర వేసుకోవడం మాత్రం మర్చిపోతూనే ఉంటాడు. గట్టి ఆధారం ఉన్నది బయటి ఆసరాలకే. బ్రిటన్‌లో బార్బరా విల్సన్ బృందం పేజర్‌తో (చిన్న సందేశాలు అందుకునే జేబు పరికరం) సమయానికి సందేశం పంపి 143 మందిని పరీక్షించింది. అయిదుగురిలో నలుగురు చెయ్యాల్సిన పనులు స్పష్టంగా ఎక్కువ చేశారు. ఇప్పుడు ఫోన్ అలారం చాలు. అయితే మోగే అలారం మీద పని పేరు ఉండాలి: "నీలం డబ్బా, ఒక మాత్ర". ఊరికే మోగితే దేనికి మోగిందో తెలియక ఆపేస్తాడు.

కొత్తది నేర్పేటప్పుడు ఊహించి చెప్పమనకండి. జ్ఞాపకశక్తి దెబ్బతిన్నవారికి తప్పు చేసిన సంగతి గుర్తుండదు, తప్పు జవాబు మాత్రం నాటుకుంటుంది. సరైనది ముందే చెప్పి అనిపించి, అర నిమిషం, ఒక నిమిషం, రెండు, నాలుగు నిమిషాలు, ఇలా వ్యవధి పెంచుతూ అడగండి. తడబడితే వెంటనే మీరే చెప్పి, కుదిరిన వ్యవధికి వెనక్కి వెళ్లండి.

కోపం ఏ వేళకు వస్తోందో వారం రోజులు రాసి పెట్టండి. చాలాసార్లు సాయంత్రం, నలుగురు ఒకేసారి మాట్లాడుతున్నప్పుడు, టీవీ మోగుతున్నప్పుడు కనిపిస్తుంది. అది అలసట. కోపం వచ్చే వేళకు అరగంట ముందే గది మార్చి పడుకోబెట్టండి, శబ్దాలు తగ్గించండి. పనిలో చేరాలనుకుంటే మొదట రోజుకు రెండు గంటలు, అదీ ఉదయం పూటే. మద్యం పూర్తిగా మానాలి, మూర్ఛల ముప్పు పెరుగుతుంది. వాంతులు, పెరుగుతున్న తలనొప్పి, కొత్తగా మగత కనిపిస్తే థెరపీ పక్కనపెట్టి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.