టీకా వేయించుకున్నా టైటర్ 4 వచ్చింది, మళ్లీ మూడు డోసులా?

ప్రశ్న: నా వయసు 25. గాజువాకలో ఉంటాం. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా ఈ మధ్యే చేరాను. నర్సింగ్ చదివేటప్పుడు కాలేజీ క్యాంపులో హెపటైటిస్ బి టీకా మూడు డోసులూ వేశారు. నాలుగేళ్లవుతోంది. ఇప్పుడు యాంటీ హెచ్‌బీఎస్ టైటర్ (రక్తంలో టీకా రక్షణ ఎంతుందో చూసే పరీక్ష) చేయిస్తే 4 వచ్చింది. పది ఉండాలంటూ డయాలసిస్ వార్డులో పోస్టింగ్ ఆపారు. టీకా ఒంటికి పట్టలేదంటే లోపల ఏదో జబ్బుందని అమ్మ ఒకటే బెంగ. సంబంధాలు కూడా చూస్తున్నారు. మళ్లీ మూడు డోసులూ వేయించుకోవాలా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

డాక్టర్ సలహా: ముందు మీ అమ్మగారి బెంగ తీర్చేద్దాం. వైరస్ ఒంట్లో ఉందో లేదో చెప్పేది హెచ్‌బీఎస్ఏజీ పరీక్ష. మీరు చేయించుకున్నది అది కాదు. టీకా వల్ల పుట్టిన యాంటీబాడీ, అంటే వైరస్‌ను అడ్డుకునే ప్రొటీను, ఈ రోజున రక్తంలో ఎంత ఉందో మాత్రమే మీ రిపోర్టు చెబుతోంది. ఆ అంకెను పెళ్లి మాటలతో ముడిపెట్టొద్దని చెప్పండి.

చిక్కల్లా ఏమిటంటే, ఈ పరీక్షకు ఒక సమయం ఉంది. మూడో డోసు పడ్డాక ఒకటి రెండు నెలల్లో చేయాలి. అప్పుడు మిల్లీలీటరుకు 10 మిల్లీ ఇంటర్నేషనల్ యూనిట్లు, ఆపైన వస్తే టీకా పట్టినట్టే. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు ఆ తర్వాత మళ్లీ మళ్లీ చూసుకోనక్కర్లేదు. మన దగ్గర టీకా క్యాంపులు బాగానే పెడతారు, ఫొటోలూ దిగుతారు, రెండు నెలల తర్వాత టైటర్ ఊసెత్తేవాళ్లే తక్కువ. మీకూ చేయించినట్టు లేదు. అందుకే నాలుగేళ్ల తర్వాత వచ్చిన 4ని చూసి ఏమీ తేల్చలేం. అప్పట్లో బాగా పెరిగి ఇప్పుడు తగ్గి ఉండొచ్చు. అసలెప్పుడూ పదికి చేరకపోయీ ఉండొచ్చు.

తగ్గిందే అయితే భయం లేదు. రక్తంలో యాంటీబాడీలు తగ్గిపోయినా, వాటిని తయారుచేసే జ్ఞాపక బి కణాలు ఏళ్ల తరబడి నిలిచి ఉంటాయి. హెపటైటిస్ బి వైరస్ ఒంట్లో చేరాక జబ్బుగా బయటపడటానికి మామూలుగా రెండు నుంచి ఐదు నెలలు తీసుకుంటుంది. ఆ కణాలు మేల్కొని యాంటీబాడీలు గుప్పించడానికి కొద్ది రోజులు చాలు. టీకా పట్టినవాళ్లకు 30 ఏళ్ల తర్వాత కూడా రక్షణ ఉంటోందంటే కారణం ఇదే.

అసలు పట్టలేదే అనుకుందాం. అదీ వింతేం కాదు. ఈ టీకా మనుషుల మీద ఎలా పనిచేస్తుందో తేల్చిచెప్పిన తొలి పెద్ద పరీక్ష న్యూయార్క్‌లో వుల్ఫ్ ష్మునెస్ అనే వైద్యుడు నడిపించాడు. వార్సాలో పుట్టి, యుద్ధకాలంలో సైబీరియా పాలై, సోవియట్ దేశంలో వైద్యం చదివి, యాభయ్యో ఏట అమెరికా చేరినవాడు. భార్యకు రక్తం ఎక్కించినప్పుడు హెపటైటిస్ సోకడంతో ఈ జబ్బు వెంట పడ్డాడంటారు. 1980లో అచ్చయిన ఆ పరిశోధనలో 1083 మంది పాల్గొన్నారు. టీకా వేసినవాళ్లలో రెండు నెలలకు 77 శాతం మందికి, బూస్టర్ డోసు తర్వాత 96 శాతం మందికి యాంటీబాడీలు వచ్చాయి. అంత జాగ్రత్తగా చేసిన చోటే నూటికి నలుగురు మిగిలిపోయారన్నమాట. ఆరోగ్యవంతులైన పెద్దవాళ్లలో నూటికి 5 నుంచి 10 మందికి మొదటి మూడు డోసులూ పట్టవని ఇప్పటి లెక్క. కొందరిలో ఇది పుట్టుకతో వచ్చిన జన్యువుల తీరు. నలభై దాటినవాళ్లు, పొగతాగేవాళ్లు, ఊబకాయం, షుగర్, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లలో ఎక్కువ.

మీ వయసుకి నేను ఆరా తీసేది ఇంకొకటుంది. సూది జబ్బకు వేశారా, నడుముకా? పెద్దవాళ్లకు ఇది జబ్బ కండకే వేయాలి. వెనక వేస్తే మందు కండలోకి దిగక కొవ్వులో ఉండిపోయి సరిగా పట్టదు. టీకా నిల్వ కూడా చూడాలి. ఎండ తగలకూడదని అందరికీ తెలుసు, గడ్డకట్టకూడదని మాత్రం మరిచిపోతారు. క్యాంపు డబ్బాలో సీసా నేరుగా ఐస్ ప్యాక్‌కి ఆనుకుని గడ్డకట్టిందంటే, కరిగాక చూడ్డానికి మామూలుగానే ఉన్నా పనికిరాదు.

ఇక చేయాల్సింది. ముందుగా హెచ్‌బీఎస్ఏజీతో పాటు, వైరస్ ఎప్పుడైనా సోకిందేమో చెప్పే యాంటీ హెచ్‌బీసీ టోటల్ పరీక్ష కూడా చేయించుకోండి. డోసు వేసుకోకముందే చేయించాలి. టీకా పడ్డాక రెండు మూడు వారాల దాకా అందులోని యాంటిజెనే (వైరస్ పైపొర ప్రొటీను) రక్తంలో కనిపించి హెచ్‌బీఎస్ఏజీ పాజిటివ్ అని వచ్చే వీలుంది. అది చూసి మీ ఇంట్లో మళ్లీ కంగారు! రెండూ నెగటివ్ అయితే ఒక్క డోసు జబ్బకు వేయించుకుని, నెల నుంచి రెండు నెలల మధ్య టైటర్ చూడండి. పది, ఆపైన వస్తే పాత మూడు డోసులు పట్టినట్టే లెక్క, ఇక వదిలేయండి. రాకపోతే మిగతా రెండూ పూర్తిచేయాలి, అంటే ఇప్పుడు వేసిన డోసు నుంచి నెల తర్వాత ఒకటి, ఆరు నెలల తర్వాత మరొకటి. మొదటిసారి పట్టనివాళ్లలో సగం మందికైనా రెండో విడతలో పడుతుంది. 1997లో హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్ ఈ టీకాని మన దేశంలోనే తయారుచేయడం మొదలుపెట్టబట్టి ధరకి వెనకాడాల్సిన పని లేదు.

పోస్టింగ్ ఆపినందుకు చిన్నబుచ్చుకోకండి. డయాలసిస్‌లో రక్తంతో పని, ఇది తేలేదాకా ఆగడం మంచిదే. మీకు వివరం చెప్పకుండా ఆపడమే బాగాలేదు.

ఈలోగా ఏ వార్డులోనైనా సూది గుచ్చుకుంటే పిండకుండా సబ్బుతో కడిగి, వెంటనే ఆసుపత్రిలో చెప్పండి. ఆ రోగికి హెపటైటిస్ బి ఉంటే మీకు హెచ్‌బీఐజీ ఇంజెక్షన్ (ఈ వైరస్‌కు సిద్ధంగా ఉన్న యాంటీబాడీలు) 24 గంటల్లోపు పడటం మంచిది. మీ ఆసుపత్రి ఫార్మసీలో అది ఉంటుందో లేదో ఇప్పుడే కనుక్కోండి. నైట్ డ్యూటీలో గుచ్చుకున్నాక జగదాంబ నుంచి మహారాణిపేట దాకా మందుల షాపులన్నీ వెతుక్కునే పరిస్థితి రాకూడదు.