అమెరికా నుంచి ఊరికొస్తున్నాం.. పిల్లలకు మర్రిగూడ నీళ్లు పడతాయా?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. నా వయసు 34. ఆరేళ్లుగా డల్లాస్‌లో ఉంటున్నాం. మా పుట్టిల్లు నల్లగొండ జిల్లా మర్రిగూడ దగ్గర పల్లె. దసరాకు వచ్చి, తమ్ముడి పెళ్లి చూసుకొని నెల రోజులకు తిరిగి వెళ్తాం. బాబుకు ఐదేళ్లు, పాపకు పది నెలలు. ఫ్లోరైడ్ నీళ్ల బాధ చూస్తూ పెరిగినదాన్ని. నెల రోజులు ఆ నీళ్లు తాగితే పిల్లల పళ్లు పాడవుతాయా? ముందుజాగ్రత్తగా ఏ యాంటీబయోటిక్స్ తెచ్చుకోవాలి? నాన్నకు 66 ఏళ్లు, బీపీ, షుగర్ ఉన్నాయి. మోకాళ్లు, నడుము నొప్పి అంటుంటే ఆయన కోసం అడ్విల్ పెద్ద డబ్బా తెస్తున్నా. ఇంకో మాట. నాలుగేళ్ల కిందట వచ్చినప్పుడు దిగిన నాలుగో రోజు నా ఎడమ పిక్క వాచింది, అడుగేస్తే లాగేది. ప్రయాణ బడలికేనని అమ్మ నూనె రాసి మర్దన చేసింది, పది రోజులకు తగ్గింది. ఈసారి అలా కాకుండా విటమిన్ గోలీలేమైనా వేసుకోవాలా? పెళ్లికి, యాదగిరిగుట్టకు పోవడానికి నెలసరి అడ్డం రాకుండా పోయినసారి లాగే టాబ్లెట్లు వాడతాను. అవి నాకు బాగానే పడ్డాయి.
- ఒక పాఠకురాలు, డల్లాస్

జవాబు: అమ్మా, నీళ్ల సంగతి చివర్లో చెప్తాను. మీ ఉత్తరంలో నేను రెండోసారి చదివింది 'ఇంకో మాట' అని మీరు చివర్లో పడేసిన నాలుగు ముక్కలే.

అప్పుడు మీకు వాచింది ఒక్క కాలు. గంటల తరబడి కూర్చుంటే రెండు పాదాలూ ఉబ్బడం మామూలే. చెప్పులు బిగుతవుతాయి, ఒకటి రెండు రోజుల్లో అదే పోతుంది. ఒక పిక్కే వాచి, నొప్పి పెట్టి, పది రోజులు ఉందంటే మాత్రం మేం ముందుగా అనుమానించేది కాలి లోపలి సిరలో రక్తం గడ్డకట్టిందేమోనని. డీప్ వీన్ థ్రాంబోసిస్, పొట్టిగా డీవీటీ అంటాం. అప్పుడు మిమ్మల్ని చూడలేదు కాబట్టి అదేనని నేను అనను. కండరం పట్టేసి ఉండొచ్చు, మోకాలి వెనక నీటి బుడగ చితికి ఉండొచ్చు, ఇన్ఫెక్షన్ కావొచ్చు. సిరల్లో రక్తం ఎలా పారుతోందో చూపే డాప్లర్ స్కాన్ తీయించి ఉంటే ఆ రోజే తేలిపోయేది. దానికి అరగంట పడుతుంది, అంతే. తీయించకుండా బడలిక అని పేరు పెట్టి నూనె రాశారు. గడ్డ ఉన్న కాలిని పిసికితే ముక్క ఊడి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. అమ్మను ఏమీ అనకండి, మా అమ్మ అయినా అదే పని చేసేది. అప్పటికే రెండేళ్లు అమెరికాలో ఉండి వచ్చిన మీరైనా ఆసుపత్రికి పోవాల్సింది.

నాలుగు గంటలకు మించి కదలకుండా కూర్చునే ప్రయాణంలో, విమానమైనా కారైనా, ఇలా గడ్డకట్టే అవకాశం సుమారు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధన 2007లో చెప్పింది. రెట్టింపు అనగానే టెన్షన్ పడొద్దు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో అది దాదాపు 6,000 మందిలో ఒకరికి. కానీ మిమ్మల్ని ఆ 6,000 మందితో కలిపి లెక్క కట్టలేను. మీరు నెలసరి జరిపే గోలీలు కూడా వేసుకున్నారు కదా.

నెలసరిని వెనక్కి జరపడానికి మన దగ్గర ఎక్కువగా వాడేది నోరెథిస్టెరాన్. పేరు చాలామందికి తెలియదు, 'డేట్ జరిపే గోలీ' అంటే చాలు. బతుకమ్మ మొదలైన దగ్గర్నుంచి కార్తీకం పెళ్లిళ్లయ్యేదాకా మెడికల్ షాపులో కత్తెరకు తీరిక ఉండదు. 'ఎన్ని రోజులకక్కా?' అని అడిగి, స్ట్రిప్పును ఆ లెక్కన కత్తిరించి కాగితం పొట్లంలో పెట్టి ఇస్తారు. కాలు ఎప్పుడైనా వాచిందా, మైగ్రేన్ ఉందా, ఇంట్లో ఎవరికైనా రక్తం గడ్డకట్టిందా అని అక్కడ అడిగేవాళ్లు ఉండరు. స్ట్రిప్పు ముక్క మీద మందు పేరు కూడా సగమే మిగులుతుంది. వాయిదా కోసం వేసుకునే మోతాదులో ఈ మందు కొంత శరీరంలో ఎథినైల్ ఈస్ట్రడయాల్‌గా మారుతుంది. గర్భనిరోధక మాత్రల్లో ఉండే ఈస్ట్రోజన్ అదే, రక్తం గడ్డకట్టే గుణాన్ని పెంచేదీ అదే. ఏ ఇబ్బందీ లేని ఆడవాళ్లకు మూడు నాలుగు రోజులు వాడితే సాధారణంగా ఏమీ కాదు. ఒకసారి కాలు వాచినవాళ్లు, దూర ప్రయాణం చేసి దిగినవాళ్లు, ఆ పైన ఈ గోలీ... మూడూ ఒక మనిషిలోనే కలవడం నాకు నచ్చలేదు. 'బాగానే పడ్డాయి' అని రాశారు. ఆ గోలీలు వాడిన ప్రయాణంలోనే కదా మీ కాలు వాచింది?

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. కొన్నేళ్ల కిందట మీ వయసే ఉన్న ఒకామె, విదేశం నుంచి చెల్లెలి పెళ్లికి వచ్చి, అప్పగింతల మర్నాడు మా ఓపీకి వచ్చింది. చేతుల మెహెందీ ఇంకా ఎర్రగానే ఉంది. మెట్లెక్కితే ఆయాసం, గుండె దడ అంది. పెళ్లి పనుల అలసటని ఇంట్లో నిమ్మరసం ఇస్తూ రెండు రోజులు ఆపారు. వేలికి ఆక్సిజన్ మిషన్ పెడితే 88 శాతమే చూపించింది. హైదరాబాద్ పంపించాం, బతికింది, కొన్ని నెలలు రక్తం పలచబడే మందు వాడింది. ఆమె హ్యాండ్‌బ్యాగులోనూ అలాంటి పొట్లమే ఉంది. గోలీ వల్లే అలా అయిందని ఒక్క మనిషిని చూసి చెప్పడం శాస్త్రం కాదు. నేను మాత్రం ఆ పొట్లాన్ని మరిచిపోలేదు.

కాబట్టి టికెట్ తేదీ రాకముందే డల్లాస్‌లో మీ డాక్టర్ దగ్గరికి వెళ్లి పిక్క వాపు సంగతి, గోలీల సంగతి రెండూ చెప్పండి. గర్భనిరోధక మాత్రలు వాడుతున్నారా, గర్భస్రావాలు అయ్యాయా, అమ్మకో అన్నదమ్ములకో ఎప్పుడైనా రక్తం గడ్డకట్టిందా అనేవి మీరు నాకు రాయలేదు, వారికి తప్పకుండా చెప్పాలి. ఇప్పుడు స్కాన్ మామూలుగా వచ్చినా నాలుగేళ్ల కిందటిది గడ్డ కాదని దాంతో రుజువవదు, అందుకే పాత కథంతా వివరంగా చెప్పమంటున్నాను. ప్రయాణానికి ముందు రక్తం గడ్డకట్టకుండా మందు కావాలా, మోకాలి కింది దాకా వచ్చే బిగుతు సాక్సులు చాలా అనేది వారు తేల్చాలి. మీకు మీరే ఆస్పిరిన్ వేసుకోవద్దు, ఈ పనికి అది సరైన మందు కాదు. విటమిన్ గోలీలు అసలే కాదు. నెలసరి వాయిదా తప్పనిసరి అనుకుంటే వేరే మార్గాలు ఉన్నాయేమో గైనకాలజిస్టు మిమ్మల్ని చూసి చెప్తారు. అసలు గుట్టకు పోవడానికి అది అడ్డమా కాదా అన్నది నేను తీర్చే సంగతి కాదు, ఆ వాదన మా ఇంట్లోనే తెగలేదు.

విమానంలో నడిచే దారి పక్క సీటు అడగండి. గంట గంటన్నరకు ఒకసారి లేచి నడవాలి, కూర్చున్నప్పుడు మడమలు లేపుతూ దించుతూ పిక్కల్ని ఆడించాలి. చెప్పడం తేలికే, పది నెలల పాప ఒళ్లో నిద్రపోతే ఏ తల్లీ లేవదు. ఆ లేచే వంతు మీ ఆయనతో ముందే మాట్లాడుకోండి. నిద్ర మాత్రలు వద్దు. గల్ఫ్ దాకా 14, 15 గంటలు, మళ్లీ నాలుగు గంటలు, శంషాబాద్ నుంచి మాల్ ఊరి మీదుగా ఇంకో రెండు గంటలు కారు. మీవాళ్లు తిరుపతి కూడా పెట్టే ఉంటారు, అది పది గంటలు. దిగాక కొన్ని వారాల పాటు, తిరిగి వెళ్లాక కూడా, ఒక కాలు వాచినా, వేడిగా నొప్పిగా ఉన్నా అదే రోజు స్కాన్. ఆయాసం, ఊపిరి పీలిస్తే ఛాతీలో పోటు, దగ్గితే రక్తం, కళ్లు తిరిగి పడిపోవడం, వీటిలో ఏది వచ్చినా 108కి ఫోన్ చేయండి. ఊళ్లో సూది వేయించుకుని రేపు చూద్దాం అనుకోవద్దు.

ఇక నాన్న డబ్బా. అడ్విల్ అంటే ఐబుప్రోఫెన్. మన దగ్గరా దొరుకుతుంది, చాలా చవక. అమెరికాది అయినంత మాత్రాన బలమేమీ ఎక్కువ ఉండదు. డబ్బాలో వందల గోలీలుంటాయి కాబట్టి ఎక్కువ మింగుతారు, అదొక్కటే తేడా. బీపీ, షుగర్ ఉన్న 66 ఏళ్ల మనిషి, బహుశా టెల్మిసార్టాన్ లాంటి బీపీ మందో, దాంతోపాటు నీరు పోయే మాత్రో వాడుతూ, దాని మీద రోజూ ఇది వేసుకుంటే బీపీ పెరుగుతుంది, కిడ్నీ దెబ్బతింటుంది. రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ సరిగా పనిచేయకపోతే పెరిగేది) పెరిగి మా దగ్గరికి వచ్చే పెద్దవాళ్లను 'నొప్పులకు ఏం వాడుతున్నారు?' అని అడిగితే 'మా బిడ్డ పంపింది' అని ఎంతో గర్వంగా డబ్బా తీసి బల్ల మీద పెడతారు. కోప్పడటానికి నోరు రాదు. పైగా మీరొచ్చేది డెంగీ కాలం. డెంగీ జ్వరంలో ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ రక్తస్రావాన్ని పెంచొచ్చు. ఆ డబ్బా అలమరలో ఉంటే ఇంట్లో ఎవరికి ఒళ్లు కాలినా చెయ్యి దాని మీదికే పోతుంది. మీ సూట్‌కేసులో టైలెనాల్ కూడా ఉండే ఉంటుంది. అదీ మన డోలో కూడా పారాసిటమాలే, రెండు వేరు మందులనుకుని ఒకేసారి మింగితే కాలేయం మీద పడుతుంది.

యాంటీబయోటిక్స్ పేర్లు నేను రాయను. విరేచనాలకు ఓఆర్ఎస్ చాలు, అది ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది. రక్తం పడినా, జ్వరం తగ్గకపోయినా, పిల్లలు మూత్రం పోయడం తగ్గినా వెంటనే డాక్టర్‌కు చూపించాలి. మీరు అడగనిది టీకాల గురించి. 'మేం ఇక్కడే పుట్టి పెరిగాం, మాకేమవుతుంది' అని వచ్చే కుటుంబాల్లోనే టైఫాయిడ్ ఎక్కువగా చూస్తాం. ఒకప్పటి అలవాటు శరీరానికి అంతకాలం గుర్తుండదు. పైగా హోటల్లో దిగే టూరిస్టు పడే జాగ్రత్త మేనత్త ఇంట్లో ఎవరూ పడరు. బాబుకు, మీ ఇద్దరికీ టైఫాయిడ్ టీకా బయల్దేరే రెండు వారాల ముందే అయిపోవాలి. పాపకు అమెరికాలో మీజిల్స్ (తట్టు) టీకా ఏడాదికి వేస్తారు, విదేశీ ప్రయాణం ఉంటే ఆరు నెలలు దాటాక ముందుగానే ఒక డోసు వేస్తారు. హెపటైటిస్-ఎ కూడా అంతే. అడక్కపోతే గుర్తు చేసేవాళ్లు ఉండరు. పాపకు టైఫాయిడ్ టీకా మన దగ్గర ఆరు నెలల నుంచే వేస్తాం, అక్కడ రెండేళ్ల లోపు పిల్లలకు వేయరు. ఇక్కడికి వచ్చాక వేయించాలా అని మీ పిల్లల డాక్టర్‌ను అడగండి.

ఇప్పుడు నీళ్లు. నెల రోజుల ఫ్లోరైడ్‌తో పిల్లల పళ్లు పాడవుతాయని నేననుకోను. పంటి ఎనామెల్ తయారయ్యే ఎనిమిదేళ్ల లోపు వయసులో ఏళ్ల తరబడి, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు తాగితే వచ్చే మచ్చలవి. మిషన్ భగీరథ కింద ఇంటికొచ్చే నల్లా నీళ్లు వాడండి, పిల్లలకు కాచి చల్లార్చి ఇవ్వండి. కాస్తే క్రిములు చస్తాయి కానీ ఫ్లోరైడ్ పోదు, నీరు ఇగిరి ఇంకాస్త చిక్కబడుతుంది కూడా. కాబట్టి బోరు నీళ్లు కాచి ఇచ్చి నిశ్చింతగా ఉండొద్దు. నీళ్లు శుద్ధి చేసే ప్లాంటు నుంచి తెచ్చే క్యాన్ నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గుతుంది, క్యాన్ లోపల పాచి ఉందో లేదో చేయి పెట్టి చూసుకోవాలి.

ఆ నీళ్ల గురించి నాకు భయం నాన్న విషయంలోనే. మర్రిగూడ ప్రాంతంలో అరవై ఆరేళ్లుగా ఉన్న మనిషి. భగీరథ రాక ముందు ఎన్నేళ్లు బోరు నీళ్లు తాగారో మీకే తెలుసు. నడుము, మోకాళ్లు అంటే అది వయసు అరుగుదలే కావొచ్చు. ఎముకల్లో చేరిన ఫ్లోరైడ్ కూడా కావొచ్చు. మెడ తిప్పగలుగుతున్నారా, వంగి నేల మీది చెంబు తీసుకోగలుగుతున్నారా, గోడకు ఆనుకోకుండా కింద కూర్చోగలరా అని వీడియో కాల్‌లో ఒకసారి చేయించి చూడండి. కిడ్నీ దెబ్బతింటే ఒంట్లోకి వెళ్లిన ఫ్లోరైడ్ బయటికి పోవడం కూడా తగ్గుతుంది. అందుకే అడ్విల్ డబ్బా మీద అంత సేపు మాట్లాడాను. వెన్ను, ముంజేయి ఎక్స్‌రే, క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్ చూడాలి. మీరొచ్చేదాకా ఆగక్కర్లేదు, నాన్నను ఈ వారమే నల్లగొండ తీసుకురమ్మని తమ్ముడికి చెప్పండి. వేసుకుంటున్న గోలీల స్ట్రిప్పులన్నీ, ఖాళీవి కూడా, ఒక కవర్లో వేసి తేవాలి. షుగర్ కూడా చూస్తారు కాబట్టి పరగడుపునే రమ్మనండి, బీపీ గోలీ మాత్రం మానొద్దు.