పోటీకి దిగే ముందు కర్లీ జీవితం చదువు

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీర్వదించి రాసేది. మీ ఊరి సిటీ కౌన్సిల్‌కి పోటీ చేస్తున్నావని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషం. బాస్టన్ చుట్టుపక్కల ఏళ్ల తరబడి ఎవరెవరి తరఫునో గడపగడపా తిరిగినవాణ్ణి కనుక నాలుగు మాటలు చెప్పాలనిపించింది. ముందుగా ఒకప్పటి బాస్టన్ మేయర్ జేమ్స్ మైకేల్ కర్లీ జీవితం చదువు. ఇక్కడి నగర రాజకీయం ఎలా నడుస్తుందో, ఎక్కడ చెడిపోతుందో ఆ ఒక్క మనిషిలోనే కనిపిస్తుంది.

ఐర్లండ్‌లోని గాల్వే నుంచి వలస వచ్చిన కూలీల బిడ్డ. 1874లో బాస్టన్‌లోని రాక్స్‌బరీ పేటలో పుట్టాడు. పదేళ్లకే తండ్రి పోతే తల్లి ఆఫీసుల్లో నేలలు తుడిచి పిల్లల్ని సాకింది. అప్పట్లో బాస్టన్‌లో బ్యాంకులూ, వ్యాపారాలూ, పెద్ద చదువులూ అన్నీ పాత ప్రొటెస్టెంట్ కుటుంబాలవే. ఐరిష్ వాళ్ల చేతిలో ఉన్నది ఓటొక్కటే. ఆ ఓటుతోనే కర్లీ నాలుగుసార్లు మేయరయ్యాడు, ఒకసారి మసాచుసెట్స్ గవర్నరయ్యాడు, కాంగ్రెస్‌కీ వెళ్లాడు.

ఆయన చేసిన రెండు పనులు పక్కపక్కన పెట్టి చూడమ్మా. కుర్ర నాయకుడిగా ఉన్నప్పుడు, పోస్టాఫీసు ఉద్యోగం కావాలన్న మనిషి కోసం ఇంకొకరితో కలిసి దొంగపేరుతో సివిల్ సర్వీస్ పరీక్ష రాశాడు. దొరికిపోయి 1904లో రెండు నెలల జైలుశిక్ష అనుభవించాడు. జైల్లో ఉండగానే ఆల్డర్‌మన్‌గా, అంటే నగర సభ సభ్యుడిగా, గెలిచాడు! స్నేహితుడి కోసం చేశాడని జనం మెచ్చుకున్నారు. ఇక రెండో పని. మేయరయ్యాక, సిటీ హాల్లో మోకాళ్ల మీద పాకుతూ నేల తుడిచే ఆడవాళ్లకి పొడుగు కర్రల మాపులు ఇప్పించాడు. వాళ్లలో తన తల్లిని చూసుకున్నాడు.

రెండూ పేదవాళ్ల మీద అభిమానంతోనే చేశాడని నేను నమ్ముతాను. కానీ మొదటిదాంట్లో, కష్టపడి చదివి నిజంగా పరీక్ష రాసిన ఇంకో పేదవాడి చోటు పోబోయింది. ఆ మనిషి ఎవరో ఎవరూ అడగలేదు. రెండోది అక్కడ పనిచేసే వాళ్లందరికీ అందింది. ఎవరూ ఎవరి గుమ్మం ముందూ చేతులు కట్టుకు నిలబడాల్సిన అవసరం రాలేదు. నీ పదవిలో ప్రతి పనినీ ఈ రెండింటి పక్కన పెట్టి చూసుకో.

ఎందుకు చెబుతున్నానంటే, మొదట వచ్చేది మనవాళ్లే. ఇంటి వెనక డెక్ కట్టుకుందామంటే పర్మిట్ ఆగిపోయిందని, మన అమ్మాయే కదా ఒక్క మాట చెప్పించమని మీ నాన్న చేత ఫోన్ చేయిస్తారు. విసుక్కోకు. వాళ్ల కాగితం ఏ బల్ల మీద ఆగిందో కనుక్కో, ఏం తక్కువైందో చెప్పు, పెద్దవాళ్లయితే కౌంటర్ దాకా తోడు వెళ్లు. వరస మార్చమని మాత్రం ఎవరినీ అడగకు. అదే ఇబ్బంది పదిమందికీ వస్తోందంటే లోపం నియమంలో ఉందన్నమాట. దాన్ని కౌన్సిల్ ముందు పెట్టు.

ఆఫీసు సిబ్బందిని చులకన చెయ్యకు. 1947లో మెయిల్ మోసం (తపాలా ద్వారా చేసిన మోసం) కేసులో కర్లీ మేయర్‌గా ఉంటూనే డాన్‌బరీ ఫెడరల్ జైలుకి వెళ్లాడు. ఐదు నెలల తర్వాత అధ్యక్షుడు ట్రూమన్ శిక్ష తగ్గిస్తే బయటికొచ్చాడు. అన్నాళ్లూ నగరాన్ని నడిపింది సిటీ క్లర్క్ జాన్ హైన్స్. తిరిగొచ్చిన రోజే కర్లీ, తాను లేని ఐదు నెలల్లో జరిగినదాని కన్నా ఈ ఒక్క రోజులో ఎక్కువ పని చేశానని పత్రికలవాళ్ల ముందు అన్నాడు. ఆ మాట హైన్స్ గుండెల్లో గుచ్చుకుంది. 1949లో ఆయనే పోటీకి నిలబడి కర్లీని ఓడించాడు. కర్లీ మళ్లీ మేయర్ కాలేదు.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది ఇంకొకటుంది. ఐరిష్ వాళ్లు పడ్డ అవమానాలు నిజమైనవి. కర్లీ వాటిని మాన్పలేదు, ప్రతి ఎన్నికలో మళ్లీ రేపాడు. సిటీ హాస్పిటల్‌ని పెంచాడు, రోడ్లు వేశాడు, సౌత్ బాస్టన్ తీరాన కార్మికుల కోసం స్నానశాల కట్టించాడు; అవన్నీ మంచి పనులే. వాటి ఖర్చు మాత్రం డౌన్‌టౌన్ ఆస్తుల మీద పన్నుగా పడింది. పాత కుటుంబాలతో సయోధ్య లేదు, పెట్టుబడి పెట్టేవాళ్లు వెనక్కి తగ్గారు, నగరం ఏళ్ల తరబడి కుంగిపోయింది. ప్రత్యర్థులు ఊరు వదిలిపోయేలా పాలించి తన ఓటు బలం పెంచుకోవడాన్ని హార్వర్డ్ ఆర్థికవేత్తలు గ్లేజర్, ష్లైఫర్ ‘కర్లీ ఎఫెక్ట్’ అన్నారు. మనవాళ్ల సభల్లో నీకూ ఇలాంటి చప్పట్లు సులువుగా దొరుకుతాయి. మనల్ని చిన్నచూపు చూసిన సంగతి చెబితే హాలంతా లేచి నిలబడుతుంది. చెప్పాల్సిన చోట చెప్పు. దాన్నే నీ ప్రచారం చేసుకోకు.

అలాగని మనవాళ్ల ఓట్లు ఎలాగూ పడతాయిలే అని ధీమాగా ఉండకు. బాస్టన్ పక్కన చార్లెస్ నదికి ఇవతల కేంబ్రిడ్జ్‌లో టిప్ ఓనీల్ అనే ఇంకో ఐరిష్ కుర్రాడు కాలేజీలో ఉండగానే 1935లో సిటీ కౌన్సిల్‌కి నిలబడ్డాడు. 160 ఓట్లతో ఓడిపోయాడు. ఊరంతా తిరిగాడు గానీ సొంత పేటలో అడగలేదు. ఎదురింటావిడ ఇంటి ముందు మంచు తీసినవాడే, గడ్డి కోసినవాడే. మీరు నాకే వేస్తారనుకున్నాను, వేరే అడగాలా అన్నాడట. అడిగితే జనానికి ఇష్టం నాయనా, అందట ఆవిడ. తర్వాత ఆయన ఇంకే ఎన్నికలోనూ ఓడలేదు. అమెరికా ప్రతినిధుల సభకి పదేళ్లు స్పీకర్‌గా ఉన్నాడు.

కాబట్టి ‘నాకు ఓటెయ్యండి’ అన్న మాట నోరు తెరిచి అడుగు. సొంత అత్తనైనా సరే.

శనివారం పొద్దున్నే పెద్దమ్మా నేనూ వస్తున్నాం. ఓటర్ల జాబితాలోంచి మీ వీధివాళ్ల పేర్లు విడిగా రాసి ఉంచు, పక్కింటితోనే మొదలుపెడదాం.

ఇట్లు,
పెదనాన్న