షాక్ అబ్జార్బర్ మార్చుకుంటే నేరమా? ఇంజిన్ ట్యూనింగ్ సంగతేంటి?

సందేహం: నాది 2021 మోడల్ ఎక్స్‌పల్స్ 200 బైక్. పవర్ 18 హెచ్‌పీ లోపే. ఉద్యోగం నర్సీపట్నంలో. లంబసింగి ఘాట్ మీదుగా చింతపల్లి వెళ్లొస్తుంటాను. నేను 90 కిలోలు. వెనక మా ఆవిడ కూర్చుంటే గుంత పడ్డప్పుడల్లా వెనక షాక్ పూర్తిగా దిగిపోయి దెబ్బ నడుముకు తగులుతోంది. వెనక మోనోషాక్ (ఒకే షాక్ అబ్జార్బర్), ముందు ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టే గొట్టాలు) స్ప్రింగులు మార్పిద్దామనుకుంటున్నాను. పనిలో పనిగా ఈసీయూ రీమ్యాప్ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్‌లో ప్రోగ్రాం మార్పు) చేయించి, పొగను అడ్డు లేకుండా వదిలే ఫ్రీ ఫ్లో సైలెన్సర్ పెడితే ఘాట్‌లో బండి బాగా లాగుతుందని మెకానిక్ అంటున్నాడు. ఆర్‌సీలో ఉన్నవి మారనంతవరకు ఎవరూ ఏమీ అడగరట. నిజమేనా? ఇన్సూరెన్స్‌కు ఇబ్బంది వస్తుందా?

జవాబు: మీ మెకానిక్ మాట షాక్‌ల వరకు చాలామటుకు సరైనదే. ఇంజిన్, సైలెన్సర్ దగ్గరికి వచ్చేసరికి తప్పు. ఆ రెండు పనులనూ ఒకే గాటన కట్టకండి.

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలోని వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదు. మార్పు అంటే ఏమిటో కూడా అదే సెక్షన్ చెప్పింది: వాహనం నిర్మాణంలో చేసిన మార్పు వల్ల దాని మౌలిక లక్షణం మారాలి. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన జయచంద్ర కేసులో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను గట్టిగానే చదివింది. రాష్ట్ర నిబంధనల్లో వెసులుబాటు ఉన్నా, తయారీదారు స్పెసిఫికేషన్‌కు విరుద్ధమైన మార్పు చెల్లదంది. అదే ఏడాది చట్ట సవరణతో 182-ఎ సెక్షన్‌లో యజమానికీ శిక్ష పెట్టారు. అనుమతి లేని మార్పు ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. జరిమానా బండికి కాదు, ఒక్కో మార్పుకు అన్నది గమనించండి.

మీ బండికి అవే బిగింపులతో, అంతే పొడవుతో, కాస్త గట్టి స్ప్రింగ్ ఉన్న మోనోషాక్ వేశారనుకోండి. సీసీ మారలేదు, వీల్‌బేస్ (రెండు చక్రాల మధ్య దూరం) మారలేదు, ఛాసిస్‌పై వెల్డింగ్ పడలేదు. మీ బరువుకు తగ్గ ఫోర్క్ స్ప్రింగులు, ఫోర్క్ ఆయిల్ మార్చినా అంతే. నా అభిప్రాయంలో ఇది 52వ సెక్షన్ కిందకు వచ్చే మార్పు కాదు, అరిగిన భాగం స్థానంలో మంచి భాగం వేయడమే. డబ్బు పెట్టేముందు ఒక పని చేయండి. మీ బండి వెనక షాక్‌కు 10 మెట్ల ప్రీలోడ్ (స్ప్రింగ్‌ను ముందే ఎంత బిగించాలన్నది) సర్దుబాటు ఉంది. ఇద్దరు ఎక్కే రోజు దాన్ని బిగించి చూడండి. చాలామంది దాని జోలికే వెళ్లరు.

ట్రావెల్, అంటే షాక్ పైకీ కిందికీ కదిలే దూరం, పెంచితే మాత్రం లెక్క వేరు. మీ బండికి ముందు 190, వెనక 170 మిల్లీమీటర్ల ట్రావెల్. తర్వాత వచ్చిన ప్రో వేరియంట్‌కు 250, 220. ఆ సెట్ తెచ్చి బిగిస్తే బండి ఎత్తు, స్టీరింగ్ కోణం, బ్రేక్ వేసినప్పుడు బరువు ముందుకు ఒరిగే తీరు అన్నీ మారతాయి. ప్రో వేరియంట్‌కు వచ్చిన అనుమతి మీ బండికి వర్తించదు. ఛాసిస్ కోసి అతికించే పని ఎవరు చెప్పినా ఒప్పుకోకండి.

ఇంజిన్ సంగతికి వద్దాం. బోర్ (సిలిండర్ వెడల్పు) పెంచి సీసీ మార్చడం నేరుగా 52వ సెక్షన్ ఉల్లంఘన. అరిగిన ఇంజిన్‌కు కంపెనీ ఓవర్‌సైజు పిస్టన్‌తో రీబోర్ చేయించడం రిపేరు, దానికి భయపడక్కర్లేదు. రీమ్యాప్ కంటికి కనపడదు కాబట్టి ఫర్వాలేదనుకుంటారు. కానీ మీ మోడల్‌కు అమ్మకానికి అనుమతి వచ్చిందే ఒక నిర్దిష్ట పవర్, పొగ పరీక్షల మీద. పొల్యూషన్ సర్టిఫికెట్ ఉందిగా అని వాదించలేరు. అక్కడ చూసేది బండి ఐడిల్‌లో ఉన్నప్పటి పొగే, ఘాట్‌లో యాక్సిలరేటర్ తిప్పినప్పటిది కాదు. ఫ్రీ ఫ్లో సైలెన్సర్‌తో పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ కూడా పోతే శబ్దం, పొగ రెండింటికీ కలిపి 190(2) సెక్షన్ వర్తిస్తుంది: మొదటిసారికే 10,000 దాకా జరిమానా, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. పైగా మూడు నెలలు లైసెన్సుపై అనర్హత. హైదరాబాద్‌లో, విశాఖలో ఇలాంటి సైలెన్సర్లను పోలీసులు రోడ్డు రోలర్ కింద తొక్కించడం మీరు చూసే ఉంటారు.

చలానా కంటే నన్ను ఎక్కువ కలవరపెట్టేది ప్రమాదం తర్వాతి కథ. గాయాలైన కేసులో బ్రేక్ ఇన్‌స్పెక్టర్ (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్) బండిని పరీక్షించి రిపోర్టు రాస్తారు. అందులో మార్పుల ప్రస్తావన వస్తే నిర్లక్ష్యం ఆరోపణకు అదే ఊతం అవుతుంది. ఎదుటివారికి పరిహారం విషయంలో, ఇన్సూరెన్స్ కంపెనీ చేయదగిన వాదనలను చట్టంలోని 150వ సెక్షన్ పరిమితం చేసింది. లైసెన్సు లేకపోవడం, మద్యం, రేసింగ్ లాంటివి అందులో ఉన్నాయి. ముఖ్యమైన విషయం దాచి పాలసీ తీసుకోవడం కూడా ఉంది. మీరు జారిపడేది ఇక్కడే. రీమ్యాప్ చేయించి, రెన్యువల్ అప్పుడు మార్పులేమీ లేవని టిక్ పెడితే, ఆ టిక్కే రేపు మీకు అడ్డం వస్తుంది. సొంత డ్యామేజీ క్లెయిమ్‌లోనైతే కంపెనీకి ఇంకా ఎక్కువ వెసులుబాటు ఉంటుంది.

కాబట్టి షాక్, స్ప్రింగులు మార్చాక బిల్లుపై పార్ట్ నంబరు రాయించుకోండి. పాతవి పారేయకండి. ఇన్సూరెన్స్ కంపెనీకి ఒక ఈమెయిల్ పెట్టి, పాలసీలో ఎండార్స్‌మెంట్ (మార్పును నమోదు చేసే రాత) కావాలో లేదో రాతపూర్వకంగా అడగండి. ఫోన్‌లో ఏజెంట్ 'ఏం కాదు సార్' అన్నది లెక్కలోకి రాదు. ఘాట్‌లో లాగడానికైతే వాల్వ్ క్లియరెన్స్, ఎయిర్ ఫిల్టర్, క్లచ్, చైన్ చూపించుకోండి. మిగిలిన డబ్బు మంచి టైర్లకు, బ్రేక్ ప్యాడ్లకు పెట్టండి.

షాక్ మార్చారన్న ఒక్క కారణంతో క్లెయిమ్ తోసిపుచ్చితే ఊరుకోకండి. ప్రమాదానికీ ఆ షాక్‌కూ సంబంధమేమిటో చెప్పమని కంపెనీకి ముందు లిఖితపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. నెలలోగా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా, ఏడాదిలోపు హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు పరిష్కరించే అధికారి) దగ్గరికి వెళ్లవచ్చు. ఫీజు లేదు. అది వద్దనుకుంటే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. అక్కడ గడువు రెండేళ్లు.